వరంగల్ వసంతంలో పిట్టను చెవితో పట్టుకోవడం ఎట్లా

శివరాత్రి దాటి మోదుగు పూసిందంటే లెక్క మొదలైనట్టే. నర్సంపేట తోవలోనో ములుగు తోవలోనో పొద్దుగాల బస్సులో పోతుంటే ఆకు రాలిన అడవిలో అక్కడక్కడ నిప్పు అంటుకున్నట్టు మోదుగు చెట్లు కనపడతాయి. అప్పట్నుంచి ఏప్రిల్ మూడో వారం దాకా, అంటే రెండు నెలలకు కొంచెం తక్కువ, ఈ ప్రాంతంలో పిట్టల్ని వినడానికి ఇంతకు మించిన కాలం లేదు. టేకు, నల్లమద్ది ఆకు రాల్చి మోడుగా ఉంటాయి కాబట్టి పిట్ట దాక్కోవడానికి చోటుండదు. ఇక్కడే పుట్టి పెరిగే పిట్టలకు అది జత కట్టే కాలం, మగవి గొంతెత్తి హద్దులు చాటుకుంటాయి. చలికాలానికి వచ్చిన వలస పిట్టలు కూడా ఇంకా పూర్తిగా కదిలి ఉండవు. మే వచ్చిందంటే ఎనిమిదింటికే ఎండ చురుక్కుమంటుంది, కోయిలా పపీహా తప్ప మిగతావి తొందరగా నోరు మూసుకుంటాయి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు చాలామంది ముందు కెమెరా కొంటారు. దానితో మూడు వారాలు తిరిగి, మసకమసకగా నాలుగు వందల ఫొటోలు తీసి, ఒక్క కూత కూడా గుర్తుపట్టలేక మానేస్తారు. పిట్టను కన్ను పట్టే లోపల చెవి పదిసార్లు పట్టేసి ఉంటుంది. అందుకే ఇక్కడ వరస తిప్పి చెబుతున్నాం. మొదటి రెండు వారాలు చేతిలో నోటుబుక్కు, పెన్సిలు తప్ప ఏమీ వద్దు.

ఎన్నింటికి, ఎక్కడ

వరంగల్‌లో పొద్దు పొడిచేది మార్చి మొదట్లో సుమారు 6:30కి, ఏప్రిల్ మొదట్లో 6:05కి, ఏప్రిల్ ఆఖరుకు 5:45కి. దానికి నలభై నిమిషాల ముందే అనుకున్న చోట కూర్చుని ఉండాలి. తెల్లవారాక బయల్దేరితే సగం కచేరీ అయిపోయినట్టే. గాలి కదలదు, మోటార్ల మోత ఉండదు, చల్లటి గాలిలో కూత దూరం పోతుంది కాబట్టి పిట్టలు ఆ వేళనే ఎంచుకుంటాయి. తొమ్మిదింటికి తిరుగుముఖం పట్టండి. సాయంత్రం ఐదు నుంచి చీకటి పడేదాకా ఇంకో విడత ఉంటుంది గానీ పొద్దుటి దాంట్లో సగం కూడా రాదు.

మొదటి పాఠానికి పాకాల అభయారణ్యం అక్కర్లేదు. ఇంటి మిద్దె చాలు. హనుమకొండలో వడ్డేపల్లి చెరువు కట్ట, చింతచెట్లూ వేపచెట్లూ ఉన్న ఏ పాత కాలనీ అయినా సరే, వినదగ్గ పిట్టలు పదీ పదిహేను రకాలు ఉంటాయి. రోజూ ఒకే చోట కూర్చోవడం ముఖ్యం. చోటు మారిస్తే నేపథ్యం మారుతుంది, చెవికి కొత్తది ఏదో పాతది ఏదో తేలదు.

గొంతులు లేచే వరస కూడా దాదాపు ఒకటే ఉంటుంది. చీకట్లోనే కోయిల, ఏట్రింత (నల్లగా, చీలిన తోకతో ఉండే పిట్ట) మొదలుపెడతాయి. కొంచెం మసక వెలుతురు పడగానే పెద్ద నలంచి అందుకుంటుంది. మనిషి మొహం గుర్తుపట్టేంత వెలుగొచ్చాక పిగిలిపిట్టలు (బుల్‌బుల్), గోరింకలు, కుట్టుపిట్ట. ఎండ కొమ్మ మీద పడ్డాక గానీ కంసాలి పిట్ట, తేనెపిట్ట జోరందుకోవు. పేర్ల విషయంలో గొడవ పడకండి, ఊరు మారితే పేరు మారుతుంది. ఏట్రింతనే కొన్ని ఊళ్లలో పసులపోలిగాడు అంటారు, బర్రె వీపు మీద ఎక్కి తిరుగుతుంది కాబట్టి.

ముందుగా పట్టాల్సిన గొంతులు

కోయిలతో మొదలుపెట్టండి, ఎందుకంటే అందరికీ తెలుసనుకునేదీ సగమే తెలిసేదీ అదే. కుహూ అని పాడేది మగది. ఒళ్లంతా నల్లగా, కన్ను ఎర్రగా ఉంటుంది. ఒక్కో కూతకు స్వరం ఒక మెట్టు ఎక్కుతూ పోయి, పై అంచుకు చేరాక టక్కున ఆగుతుంది. ఆడది గోధుమరంగు మీద తెల్ల చుక్కలతో ఉంటుంది, పాట రాదు, కిక్-కిక్-కిక్ అని గొంతు చించుకుంటూ చెట్టు మారుతుంది. కవులు కోయిలమ్మ అని ఎంత పిలిచినా పాట అయ్యదే. ఆ కిక్-కిక్ వినపడ్డ చోట దగ్గర్లో కాకి గూడు ఉందేమో చూడండి. కోయిల గుడ్డు పెట్టేది అందులోనే.

పపీహాను చాలామంది కోయిల అనుకుని పొరబడతారు. తేడా అక్షరాల్లో ఉంది. కోయిలది రెండు అక్షరాలు, కు-హూ. ఇది మూడు, ప-పీ-హా. ఇదీ మెట్లెక్కుతుంది, కానీ పైకి పోయేకొద్దీ పిచ్చెక్కినట్టు తీవ్రమవుతుంది. మార్చి చివర్నుంచి మొదలై వానలు పడేదాకా, ఒక్కోసారి అర్ధరాత్రి కూడా అరుస్తుంది. చూపుకు అచ్చం చిన్న డేగలా ఉంటుంది. అది వాలగానే చిన్న పిట్టలు కంగారుగా అరుస్తాయి, ఆ అల్లరి విని వెతికితే దొరుకుతుంది.

కంసాలి పిట్ట కూత టుక్-టుక్-టుక్, రాగి చెంబు మీద చిన్న సుత్తితో కొట్టినట్టు, ఒకే శ్రుతిలో, ఆపకుండా. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి, నిమిషానికి వంద పైచిలుకు వస్తుంది. ఇది కొత్తవాళ్లను బాగా తిప్పుతుంది. కూసేటప్పుడు తల అటూ ఇటూ తిప్పుతుంది కాబట్టి శబ్దం ఒకసారి కుడి నుంచి, ఒకసారి ఎడమ నుంచి వచ్చినట్టు ఉంటుంది. ముక్కు తెరవదు కూడా, గొంతు మాత్రం ఉబ్బుతుంది. కాబట్టి శబ్దం వెంట తిరగొద్దు. ఎండ తగులుతున్న అన్నిటికన్నా పై ఎండుకొమ్మను చూడండి. పిచ్చుక కన్నా కొంచెం పెద్దదిగా, ఆకుపచ్చ ఒంటితో, ఎర్ర నుదురుతో కదలకుండా కూర్చుని ఉంటుంది. ఆ ఎండుకొమ్మలోనే కిందివైపు గుండ్రటి రంధ్రం కనిపిస్తే అది దాని గూడు. పెరట్లో ఎండుకొమ్మ నరికించేముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

అడవి అంచుకు పోతే దీని అన్న, అంటే ఇదే కుటుంబంలో పెద్ద పిట్ట, వినపడుతుంది, కుత్రూక్-కుత్రూక్ అని. తల గోధుమరంగు, ఒళ్లు పచ్చ, సైజు గోరింకంత. ఒకటి అందుకుంటే పక్క చెట్ల మీదివి కూడా జవాబిస్తాయి, ఊళ్లో కుక్కల్లాగ.

పెద్ద నలంచి పాట మాటల్లో పెట్టడం కష్టం. నలుపు తెలుపు పిట్ట, తోక నిక్కబొడుచుకుని కరెంటు స్తంభం కొసనో చెట్టు కొసనో కూర్చుని ఈల వేస్తుంది. రెండు మూడు ఈలలు, చిన్న విరామం, మళ్లీ కొంచెం మార్చి ఇంకో రెండు మూడు. అట్లా మార్చి మార్చి పాడేది కనపడితే దాదాపు అదే. ఇంటి దగ్గర దొరికే గాయకుల్లో మా లెక్కన ఇదే మొదటిది, కోయిలకు వచ్చిన పేరు దీనికి రాలేదంతే.

కుట్టుపిట్ట చిటికెడంత ఉండి ఊరంతా వినపడేట్టు తువీట్-తువీట్-తువీట్ అంటుంది. గొంతు పెద్దదని పైన వెతుకుతారు. కింద వెతకాలి, మందారం పొదలో, నిమ్మచెట్టులో, మోకాలు నుంచి తల ఎత్తు లోపల.

జెముడు కాకి ఊప్-ఊప్-ఊప్ అని లోగొంతుతో, సీసా మూతి మీద ఊదినట్టు మోగుతుంది. పాకాల వైపు దీన్ని కొండముచ్చు కూతతో కలిపేసుకుంటారు. కొండముచ్చు అరిచాక కొమ్మలు కదులుతాయి, జెముడు కాకి అరిచాక ఏమీ కదలదు. పొలంగట్ల మీద తీతువు, చెల్కల్లో కౌజు, వీటిని వేరే చెప్పక్కర్లేదు, తమ పేరు తామే అరుచుకుంటాయన్నట్టు ఉంటాయి.

లకుముకి పిట్టను నీళ్ల దగ్గరే వెతికేవాళ్లు ఈ కాలంలో దాన్ని పోగొట్టుకుంటారు. వసంతంలో అది నీటికి దూరంగా ఎత్తయిన చెట్టు కొస ఎక్కి కిలిలిలిలి అని వణుకు గొంతుతో పొడుగ్గా కూస్తుంది.

ఇక పిట్టే కాని కూత ఒకటుంది. చిక్-చిక్-చిక్ అని ఒకే తీరుగా పది నిమిషాలు వినిపించి, ఎంత వెతికినా దొరకని "పిట్ట" చాలాసార్లు ఉడుత. కొమ్మకు అతుక్కుని తోక ఆడిస్తూ అరుస్తుంది. మొదటి వారం నోటుబుక్కుల్లో కనీసం రెండు ఉడుతలు పిట్టలుగా నమోదవుతాయి. తప్పేమీ లేదు, కొట్టేయండి.

కూతను రాసుకోవడం

ఈ పనికి తెలుగు లిపి అచ్చంగా సరిపోతుంది. హ్రస్వం, దీర్ఘం, పొల్లు, ద్విత్వం అన్నీ చేతిలో ఉన్నాయి. విన్నది విన్నట్టు అక్షరాల్లో పెట్టండి, తర్వాత బడిలో నేర్చుకున్న గురులఘువులు పైన గుర్తు వేయండి. కుహూ అంటే లఘువు, గురువు. పపీహా అంటే లఘువు, గురువు, గురువు, అంటే అచ్చమైన యగణం. టుక్ పొల్లుతో ముగుస్తుంది కాబట్టి ఒక్కోటీ గురువే. శ్రుతి పెరిగితే పక్కన పైకి గీత, తగ్గితే కిందికి గీత. చివర్న మూడు సంగతులు: ఒక్క కూతకూ ఇంకో కూతకూ మధ్య ఎన్ని సెకన్లు, ఎంత ఎత్తు నుంచి, ఏ చెట్టు.

ఒక పేజీ ఇట్లా ఉంటుంది: "మార్చి 14, 6:22, మిద్దె. తువీట్ × 11, ఎక్కదు దిగదు. నిమ్మచెట్టు, నడుమెత్తు. ఆగి 8 సెకన్లు. మళ్లీ." పేరు తెలియకపోయినా పరవాలేదు. పేరు వారం తర్వాతైనా దొరుకుతుంది, ఆ పొద్దున విన్న లయ మాత్రం రాసుకోకపోతే పదింటికల్లా పోతుంది.

కూత ఎటు నుంచి వస్తోందో తేలకపోతే రెండు అరచేతులూ దొప్పల్లా చెవుల వెనక పెట్టి తల నెమ్మదిగా తిప్పండి, ఎక్కడ గట్టిగా వినపడితే అటే. ఆ దిక్కును ఒక చెట్టుతో గుర్తుపెట్టుకుని పక్కకు ఇరవై అడుగులు నడిచి మళ్లీ అదే చేయండి. రెండు దిక్కులూ కలిసే చోట పిట్ట ఉంటుంది. ముందుకు నడిస్తే ఈ లెక్క తప్పుతుంది, పక్కకే నడవాలి.

మోదుగు చెట్టు కింద ఒక గంట

మూడో వారం నుంచి కంటికి పని చెప్పండి. దానికి పూచిన మోదుగు కన్నా మంచి బడి లేదు. ఆకు ఉండదు, పువ్వు ఎర్రన, పిట్ట ఎవరో ఇట్టే తెలుస్తుంది. పొద్దుటి పూట చెట్టుకు తూర్పున నిలబడండి, ఎండ మీ వీపు మీద పడాలి. పడమర నిలబడితే అన్ని పిట్టలూ నల్లగానే కనపడతాయి. దూరం ఇరవై, ఇరవై ఐదు మీటర్లు. ఎండుటేకు ఆకుల మీద అడుగు వేస్తే అప్పడం విరిగినట్టు చప్పుడవుతుంది, కాబట్టి బండిబాట మీదే ఆగి అక్కడే కూర్చోండి.

6:45 నుంచి 8:15 దాకా చెట్టు సంత లాగ ఉంటుంది. గోరింకలు తల మొత్తం పూవులో దూర్చి తేనె తాగుతాయి, తల ఎత్తినప్పుడు నుదుటి మీద పుప్పొడి చూడండి. రామచిలుకలు తేనె కోసం పూవునే తెంపి, మొదలు నమిలి, కిందపడేస్తాయి. చెట్టు కింద తాజా పూలు రాలుతూ ఉంటే పైన చిలుకలున్నట్టు. ఏట్రింతలు తేనెకూ వస్తాయి, తేనెకు వచ్చిన పురుగులకూ వస్తాయి. గులాబీ ఒళ్లు, నల్ల తల ఉన్న పలిస పిట్టలు మంద మందగా దిగితే అదృష్టం. అవి జొన్నచేల మీద పడి చలికాలం గడిపి, ఏప్రిల్‌లో మధ్య ఆసియా వైపు ఎగిరిపోయే వలస పిట్టలు.

తేనెపిట్టను మాత్రం కాసేపు విడిగా చూడండి. మగది ఈ నెలల్లో నల్లగా కనపడుతుంది, మెడ తిప్పిందా ఊదా, నీలం, ఆకుపచ్చ మెరుపులు ఒకదాని మీద ఒకటి జారుతాయి. ఆ రంగు ఈకలో పూసింది కాదు, ఈక నిర్మాణం మీద వెలుగు విరగడం వల్ల వచ్చింది, అందుకే కోణం మారితే మారుతుంది. చలికాలంలో ఇదే పిట్ట పసుపు పొట్టతో, గొంతు నుంచి పొట్ట దాకా ఒక్క నల్ల గీతతో ఆడదానిలా ఉంటుంది. ఫిబ్రవరిలో సగం మారి మచ్చలుమచ్చలుగా ఉన్నది కనపడితే కొత్త రకం అనుకుని సంబరపడకండి.

బైనాక్యులర్

కొనేటప్పుడు 8×42 అడగండి. 8 అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా, 42 అంటే ముందు అద్దం మిల్లీమీటర్లు. 42ని 8తో భాగిస్తే ఐదు పైచిలుకు వస్తుంది, కంట్లో పడే వెలుగు చుక్క అంత వెడల్పు ఉంటుంది, తెల్లవారుజామున అది సరిపోతుంది. 20 రెట్లు, 30 రెట్లు అని ఊరించేవి వద్దు. చెయ్యి వణుకు కూడా ఇరవై రెట్లు అవుతుంది.

తెచ్చిన రోజే సరిచేసుకోండి. రెండు గొట్టాలనూ దగ్గరికి, దూరానికి వంచుతూ రెండు వలయాలు ఒకటయ్యేదాకా సరిపెట్టండి. కళ్లద్దాలుంటే కంటి దగ్గరి రబ్బరు కప్పులు కిందికి తిప్పేయండి. తర్వాత ముప్పై మీటర్ల దూరంలో ఒక బోర్డు మీది అక్షరాలు చూస్తూ, కుడి కన్ను మూసి నడిమి చక్రంతో ఎడమ కంటికి స్పష్టం చేయండి. ఇప్పుడు ఎడమ కన్ను మూసి కుడి గొట్టం దగ్గరి వలయాన్ని మాత్రమే తిప్పండి. ఆ గుర్తు మళ్లీ కదపొద్దు. తలనొప్పి వస్తోందని పక్కన పెట్టేసేవాళ్లలో ఎక్కువమంది ఈ ఆఖరి పని చేయనివాళ్లే.

పిట్టను చూస్తూనే బైనాక్యులర్ కళ్ల ముందుకు తేవాలి, చూపు దించకూడదు. పక్కవాళ్లకు చూపించాలంటే చెట్టును గడియారం అనుకోండి: "చింతచెట్టు, రెండు గంటల ముల్లు, కొస నుంచి ఒక మూర లోపల." వేలు చూపిస్తే పిట్ట పోతుంది. సూర్యుడి వైపు మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు, కన్ను పోతుంది.

ఫోను

కార్నెల్ యూనివర్సిటీ పక్షి పరిశోధన సంస్థ ఇచ్చే మెర్లిన్ యాప్ ఉచితం, కూత విని పేరు చెబుతుంది. ఇండియా ప్యాక్ ఇంట్లోనే దించుకోండి, అడవిలో సిగ్నల్ నమ్మలేం. ఫోను మైకు కూత వైపు పెట్టి, ముప్పై సెకన్లు ఊపిరి బిగబట్టినట్టు నిలబడండి. షర్టు రాపిడి, గొలుసు చప్పుడు చాలు పాడవడానికి. యాప్ చెప్పిన పేరును సాక్ష్యంగా తీసుకోండి, తీర్పుగా కాదు. ఏట్రింత డేగ గొంతు అనుకరించి గోరింకల్ని బెదరగొట్టి వాటి నోటి పురుగు లాక్కుంటుంది, యాప్ కూడా గోరింకల్లాగే మోసపోవచ్చు. పిట్ట కంటపడితేనే జాబితాలో ఎక్కించండి.

రికార్డు చేసిన కూతను పిట్టకే తిరిగి వినిపించే అలవాటు ఒకటి ఉంది, ఫొటో కోసం. ఈ రెండు నెలలూ అసలు చేయొద్దు. తన హద్దులోకి ఇంకో మగది వచ్చిందనుకుని అది తిండి మాని వెతుకుతుంది, ఆ సమయం గూడు మీద పెట్టాల్సినది.

చెరువు, అడవి

పాకాల వరంగల్ నుంచి నర్సంపేట మీదుగా యాభై కిలోమీటర్ల పైన. కాకతీయుల కాలంలో, 1213 ప్రాంతంలో కట్టిన చెరువు. చుట్టూ అభయారణ్యం. మార్చికి నీళ్లు తగ్గి శిఖం, అంటే చెరువు లోపలి నేల, బయటపడుతుంది, ఆ బురద మీద పొడుగు కాళ్ల పిట్టలు తిరుగుతాయి. వలస బాతుల్ని చూడాలంటే మార్చి దాటనివ్వకండి, ఆ నెలాఖరుకు చాలా వరకు ఖాళీ అవుతాయి. ఏప్రిల్‌లో చూడదగ్గది మన గుడ్డికొంగ. ఏడాదంతా మట్టిరంగులో ముడుచుకుని కూర్చునే ఆ కొంగ వీపు ఈ రోజుల్లో ముదురు ఎరుపుకు తిరుగుతుంది. అదే కొంగ అంటే మొదట నమ్మరు.

గట్టు పక్కన నడుస్తుంటే తీతువు తల మీద గింగిరాలు తిరుగుతూ అరిచిందంటే కదలకండి. గుడ్లు నేల మీదే, గులకరాళ్ల మధ్య గులకరాళ్లలా నాలుగు ఉంటాయి. కాలి కింద చూసుకుంటూ, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి రండి. ఏ గూడు దగ్గరా పదిహేను మీటర్ల లోపలికి పోవద్దు. మీరు గూటి దగ్గర నిలబడితే కాకి చూస్తుంది, మీరు పోయాక అదొస్తుంది.

అడవిలోకి అటవీశాఖ చెక్‌పోస్టు దగ్గర అడిగే పోవాలి. ఏటూరునాగారం, ములుగు వైపు మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు రాలుతుంది, తెల్లవారుజామున ఎలుగుబంటి దాని కిందే ఉంటుంది. చీకట్లో ఇప్పచెట్ల వైపు ఒంటరిగా పోవద్దు, ఊరివాళ్లు పువ్వు ఏరడానికి పోయే వేళ, వాళ్లు పోయే తోవ అడిగి తెలుసుకోండి. బూరుగు చెట్టుకు పెద్ద తేనెపట్లు ఉంటే దూరం నుంచే చూడండి, అత్తరు రాసుకుని పోవద్దు. బీడీ, అగ్గిపెట్టె బండిలోనే ఉండాలి. ఎండుటాకు నిప్పురవ్వ కోసం కాచుకుని ఉంటుంది.

మిద్దె మీద నీళ్లు

ఎండ ముదిరాక మీరు పిట్టల దగ్గరికి పోనక్కర్లేదు, అవే వస్తాయి. అడుగు వెడల్పున్న మట్టి మూకుడు, రెండు అంగుళాలకు మించని నీళ్లు, మధ్యలో ఒక గరుకు రాయి. లోతు ఎక్కువైతే పిగిలిపిట్ట తాగుతుందే గానీ స్నానానికి దిగదు. ప్లాస్టిక్ గిన్నె నున్నగా జారుతుంది, ఎండకు నీళ్లు కాగుతాయి. నీడలో పెట్టండి, గుబురు మొక్కకు రెండు మీటర్ల దూరంలో. దగ్గరగా పెడితే గుబురులో పిల్లి కూర్చుంటుంది. బియ్యం, మిగిలిన అన్నం వేయకండి, పావురాలూ కాకులూ పోగై మిగతావి రావడం మానేస్తాయి.

రోజూ పొద్దున నీళ్లు పారబోసి, కొబ్బరి పీచుతో సబ్బు లేకుండా రుద్ది కొత్తవి పోయండి, లేకపోతే నాలుగో రోజుకు పాచి, వారానికి దోమ పిల్లలు. మొదటి రెండు మూడు రోజులు ఏదీ రాకపోవచ్చు. ముందు కాకి వచ్చి పరీక్ష చేస్తుంది, తర్వాత గోరింక. పెద్ద నలంచి అందరూ వెళ్లాక, మధ్యాహ్నం ఒంటరిగా వస్తుంది, తోక రెండుసార్లు ఆడించి చుట్టూ చూసి, అప్పుడు దిగుతుంది.